నలభై జీబీకి ఇంత బిల్లా?

నెల మొదటి వారం వచ్చిందంటే క్లౌడ్ బిల్లుల వారం. ఉప్పల్, నాచారం వైపు చిన్న కంపెనీలకు డేటాబేస్ పని చేసిపెట్టే నాలాంటివాళ్లకు ఆ రోజుల్లో ఫోన్ తీరికివ్వదు. నాచారం పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు తయారుచేసే యజమాని ఒకాయన మొన్న నిలదీసినంత పని చేశాడు: "మన డేటా మొత్తం కలిపినా నలభై జీబీ దాటది. మా పోరని ఫోన్ల అంతకంటె ఎక్కువ వీడియోలున్నయి. గింత బిల్లెందుకొస్తది సార్?"

అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే డేటా సైజుకీ ఈ బిల్లుకీ ఉన్నది చాలా దూరపు చుట్టరికం.

డేటాబేస్‌ను తానే నడిపిపెట్టి అద్దెకిచ్చే అమెజాన్ ఆర్‌డీఎస్ సంగతి చూద్దాం. పోల్చుకోవడానికి వీలుగా అమెరికాలోని వర్జీనియా రేట్లు చెబుతాను. రెండు వర్చువల్ సీపీయూలు, 8 జీబీ మెమరీ ఉన్న ఎం5 లార్జ్ మెషీన్ మీద మైఎస్‌క్యూఎల్ నడిపితే గంటకు 0.171 డాలర్లు. నెలకు 730 గంటలు వేసుకుంటే దాదాపు 125 డాలర్లు. నలభై జీబీ స్టోరేజీకి జీబీకి 11.5 సెంట్ల చొప్పున నెలంతా కలిపి 4.60 డాలర్లు. పాత రికార్డులన్నీ చెరిపేసి డేటాను సగం చేసినా ఆదా అయ్యేది రెండు డాలర్ల చిల్లర. అదీ కాగితం మీదే, ఎందుకంటే ఒకసారి కేటాయించిన స్టోరేజీని పెంచగలం గానీ అక్కడికక్కడ తగ్గించలేం. బరువంతా గంటల మీదే ఉంది. రాత్రి రెండింటికి ఒక్క క్వెరీ రాకపోయినా ఆ గంట లెక్కలో పడుతుంది. ఇంటికి తాళం వేసి ఊరెళ్లినా అద్దె ఆగనట్టే.

దీనికి తోడు మల్టీ ఏజెడ్ అనే టిక్కు ఒకటుంది. అది పెడితే ఇంకో డేటా సెంటర్లో రెండో మెషీన్ సిద్ధంగా కూర్చుంటుంది. మొదటిది పడిపోతే ఒకటి రెండు నిమిషాల్లో పని అందుకుంటుంది. అందాకా మనం దాన్ని చదవడానికైనా వాడుకోలేం. ధర మాత్రం రెండింతలు, స్టోరేజీతో సహా. ఇన్‌వాయిస్‌లు కొట్టే డేటాబేస్‌కి అది ఉండాల్సిందే. ప్రోగ్రామర్లు ప్రయోగాలు చేసుకునే టెస్ట్ డేటాబేస్‌కి ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు, అయినా చాలాచోట్ల ఉంటుంది.

మన దగ్గరే డేటా సెంటర్లు వచ్చాయి కదా, రేటు తగ్గదా అని కూడా అడుగుతారు. 20,761 కోట్ల పెట్టుబడితో అమెజాన్ ఇక్కడికొస్తోందని 2020 నవంబరు 6న రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. 2022 నవంబరు 22న హైదరాబాద్ రీజియన్ తెరుచుకుంది. దానివల్ల జవాబు త్వరగా వస్తుంది, డేటా ఊళ్లోనే ఉంటుంది. పక్కింటివాళ్లమని రేటు తగ్గించరు. మీద 18 శాతం జీఎస్టీ మామూలే. రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారమైతే అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కొస్తుంది. అందుకే అలాంటివాళ్లను జీఎస్టీ గురించి బెంగపడొద్దంటాను.

ఇంతకీ ఎక్కువ కట్టేది దేనికి? అదే ఎం5 లార్జ్‌ను ఖాళీ లినక్స్ మెషీన్‌గా తీసుకుంటే గంటకు 0.096 డాలర్లే. తేడా నెలకు 55 డాలర్ల దాకా వస్తుంది. బ్యాకప్‌లు, ప్యాచ్‌లు, డిస్క్ పోతే అర్ధరాత్రి లేచి చూసుకోవడం, అన్నీ అందులోనే. అట్టపెట్టెల యజమాని సర్వర్ కొని ఆఫీసు వెనక గదిలో పెట్టుకుంటానన్నాడు. ఏప్రిల్ ఎండలో ఆ గదిలో ఏసీ, యూపీఎస్ బ్యాటరీలు, పండగ పూట కూడా ఫోనెత్తే మనిషి జీతం, ఇవన్నీ కాగితం మీద పెట్టమన్నాను. పెట్టలేదు. నా మటుకు నాకు ఆ 55 డాలర్లు చవక.

దండగయ్యేది వేరేచోట. క్వెరీ నిదానంగా నడిస్తే అది అమెజాన్ బాధ్యత కాదు, మనదే. ఈయన ఇన్‌వాయిస్ టేబుల్లో కస్టమర్ నంబరు మీద ఇండెక్స్ లేదు. ఒక్క పార్టీ బాకీ చూడాలన్నా మొదటి వరస నుంచి చివరి వరస దాకా మొత్తం టేబుల్ తిరగేయాల్సిందే. సీపీయూ తొంభై శాతం దాటినప్పుడల్లా ఎవరో ఒకరు మెషీన్ సైజు పెంచుతూ వచ్చారు. లార్జ్ 0.171, ఎక్స్‌లార్జ్ 0.342, టూ ఎక్స్‌లార్జ్ 0.684: మెట్టు మెట్టుకీ రెట్టింపు. ఇండెక్స్ వేయడానికి ఒక్క లైను చాలు. కానీ అది ఎక్కడ వేయాలో తెలియాలంటే, క్వెరీ ఎలా నడుస్తుందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ పెట్టి కూర్చోవాలి. మెషీన్ పెంచడానికి కూర్చోనక్కర్లేదు.

ఒకప్పుడు ఈ సౌకర్యం లేదు. నాగారంలో మా ఇంటి నుంచి ఎటు వెళ్లాలన్నా ఈసీఐఎల్ చౌరస్తా తగులుతుంది. ఆ చౌరస్తాకు పేరిచ్చిన, 1967లో మొదలైన ఈసీఐఎల్ సంస్థే టీడీసీ 312, 316 లాంటి కంప్యూటర్లను తయారుచేసింది. ఆ కాలంలో మెమరీ చాలడం లేదంటే ప్రోగ్రామునే కుదించుకోవాలి, ఇంకో దారి లేదు. ఇప్పుడు రెండు నొక్కుళ్లతో మెషీనే పెరుగుతుంది. నా వృత్తికి అసలు దెబ్బ అక్కడ తగిలిందనుకుంటాను. బ్యాకప్ పని పోయిందని నాకు దిగులు లేదు. క్వెరీ చదివే ఓపిక కూడా దానితోపాటే పోయింది.

ఇండెక్స్ వేశాక లార్జ్‌కి దిగాం. అయినా బిల్లులో ఇంకో వరస మిగిలింది, ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ అని. ఆయనది మైఎస్‌క్యూఎల్ 5.7. దానికి ఆర్‌డీఎస్‌లో మామూలు గడువు 2024 ఫిబ్రవరి 29తో తీరిపోయింది. ఆ మర్నాటి నుంచి ఒక్కో వర్చువల్ సీపీయూకి గంటకు 0.10 డాలర్లు అదనం. రెండు సీపీయూలకు నెలకు 146 డాలర్లు, అంటే మెషీన్ అద్దెకంటే దాని ముసలితనానికి కట్టేదే ఎక్కువ. మూడో ఏడాది, అంటే 2026 మార్చి నుంచి అది 0.20.

8.0కి మారితే పాత రిపోర్టులు ఆడవేమోనని వాళ్ల ప్రోగ్రామర్ భయం. ఆదివారం స్నాప్‌షాట్ నుంచి ఒక టెస్ట్ మెషీన్ లేపి, దాన్ని 8.0కి మార్చి, ఒక్కో రిపోర్టూ ఆడించి చూద్దామనుకున్నాం. అయ్యే ఖర్చు కొద్ది డాలర్లు. ఒకటే జాగ్రత్త: సాయంత్రానికి ఆ మెషీన్‌ని డిలీట్ చేయాలి. ఆపేసి ఇంటికెళ్తే కుదరదు. ఆపిన ఆర్‌డీఎస్ మెషీన్ ఏడు రోజులకు దానంతటదే మళ్లీ లేస్తుంది, మీటరుతో సహా.