సన్న పైపులదే పెద్ద పని

సిద్దిపేట మీదుగా పోయే రాజీవ్ రహదారి పక్క షెడ్లకు టర్బో కొత్తేమీ కాదు. లారీలు, బొలేరోలు, డీజిల్ కార్లు దాంతోనే నడుస్తున్నాయి. కంపెనీ నుంచి టర్బో లేకుండా వచ్చిన పెట్రోల్ కారుకు దాన్ని బిగించాలంటే మాత్రం లెక్కంతా మారుతుంది. కుర్రాళ్ల కళ్లు టర్బో మీదే ఉంటాయి. చెయ్యి తిరిగిన మెకానిక్ ముందు చూసేది వేలంత లావు లేని రబ్బరు పైపులను.

మామూలు పెట్రోల్ ఇంజన్ గాలిని తనంతట తానే పీలుస్తుంది. ఫిల్టర్ దాటిన గాలి థ్రాటిల్ గుండా మ్యానిఫోల్డ్‌కు చేరుతుంది. టర్బో వచ్చాక దారి పొడుగవుతుంది: ఫిల్టర్ నుంచి కంప్రెసర్‌కు, అక్కడి నుంచి ఇంటర్‌కూలర్‌కు, ఆ తర్వాతే థ్రాటిల్‌కు. బండి ఐడిలింగ్‌లో ఉంటే మ్యానిఫోల్డ్‌లో ఎప్పటిలాగే వాక్యూమ్ ఉంటుంది. యాక్సిలరేటర్ బాగా తొక్కితే అక్కడే ప్రెజర్ పుడుతుంది. పాత పైపులు ఈ రెండో పనికి తయారైనవి కావు.

అందుకే ఒక్కోదానికీ దారి చూపాలి. బ్రేక్ బూస్టర్ పైపులోని వన్‌వే వాల్వ్ పక్కాగా పట్టాలి, లేదంటే బూస్టర్‌లోకి ప్రెజర్ ఎక్కి బ్రేక్ పెడల్ గట్టిపడుతుంది. పీసీవీ వాల్వ్ ప్రెజర్‌ను ఆపలేకపోతే ఇంజన్ లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లు కారతాయి. ట్యాపెట్ కవర్ మీది బ్రీదర్ పైపును ఫిల్టర్‌కూ కంప్రెసర్‌కూ మధ్య కలపాలి.

అన్నిటికన్నా ప్రాణం మీదికి తెచ్చేది వేస్ట్‌గేట్ పైపు. కంప్రెసర్ బయటి మూతి నుంచి యాక్చువేటర్‌కు ప్రెజర్ కబురు మోసేది ఇదే. క్లిప్పు వదులై ఇది ఊడితే గేటు తెరుచుకోదు, బూస్ట్ అదుపు తప్పుతుంది, ఇంజన్ నాకింగ్‌తో పిస్టన్లు కరిగేదాకా పోవచ్చు. బ్లో ఆఫ్ వాల్వ్ పైపు సంగతి వేరు, దాన్ని థ్రాటిల్ తర్వాత మ్యానిఫోల్డ్ నుంచే తీసుకోవాలి.

పైపు రకమూ ముఖ్యమే. కంప్రెసర్ పీల్చే వైపు మెత్తటి పైపు వేస్తే లోపలికి ముడుచుకుపోతుంది. ప్రెజర్ వైపు పొరలున్న సిలికాన్ పైపు, టీ బోల్ట్ క్లాంపు కావాలి. పెట్రోల్ ఆవిరి పోయే చోట మామూలు సిలికాన్ పనికిరాదు. మే నెల ఎండకు టర్బో సెగ తోడైతే ఎగ్జాస్ట్‌కు ఆనుకున్న రబ్బరు నిలవదు.

చిన్న పనిని చిన్నచూపు చూస్తే ఏమవుతుందో 1962లోనే తేలింది. అమెరికాలో టర్బోతో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌కు నాకింగ్ రాకుండా నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవం అందాలి. చాలామంది ఓనర్లు ఆ ట్యాంకు నింపలేదు. చివరికి డీలర్లు ఎన్నో కార్లకు టర్బో ఊడదీసి మామూలు కార్బురేటర్ పెట్టారు.

చట్టమూ తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చనివ్వదు. 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి ముందు ఆర్టీఏలో అడగండి. రేసు ట్రాక్ కోసమే చేయించుకునేవారు పైపులు విప్పకముందు ఫొటోలు తీయించండి, ప్రతిదానికీ చీటీ కట్టించండి. డబ్బులు ఇచ్చే ముందు ప్రెజర్ ఎక్కించి ప్రతి అతుకు మీదా సబ్బు నీళ్లు పోయించి చూడండి.