ఈత కొలనులో దాగిన కోట

హెల్సింకి తూర్పు వైపు ఇటాకెస్కుస్ పేటలో ఒక ఈతశాల ఉంది. కొలనులన్నీ కొండరాయి లోపలే. 1993లో తెరిచిన ఈ గుహలో మామూలు రోజుల్లో పిల్లలు ఈత నేర్చుకుంటారు. యుద్ధం ముంచుకొస్తే 3,800 మంది తలదాచుకుంటారు. ఫిన్లాండ్‌లో ఇలాంటి ఆశ్రయం ఏదైనా 72 గంటల్లో సిద్ధం కావాలి.

ఆ దేశానికి రష్యాతో దాదాపు 1,340 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. 1939 నవంబరు 30న హెల్సింకి మీద సోవియట్ బాంబులు పడ్డాయి. ఆ జ్ఞాపకం అక్కడ ఇళ్ల పునాదుల్లోకి దిగింది. 1,200 చదరపు మీటర్లకు మించిన అపార్ట్‌మెంటు కడితే అందులో ఆశ్రయమూ కట్టాల్సిందే. అలా 50 వేలకు పైగా తయారయ్యాయి. సుమారు 56 లక్షల జనాభాలో 48 లక్షల మందికి చోటుంది. మనిషికి దక్కేది 0.75 చదరపు మీటరు, మన చాపలో సగం కూడా లేదు. ఆ కాస్త జాగాకే ఎంత శ్రద్ధో! హెల్సింకి కింద తొలిచిన పెద్ద గుహలకు రెండేసి తలుపులుంటాయి. ఒకటి పేలుడు తాకిడిని ఆపడానికి, రెండోది విషవాయువును ఆపడానికి.

స్విట్జర్లాండ్ ఇదే పనిని ఇంటింటికీ పంచింది. 1963 చట్టంతో మొదలుపెట్టి, 90 లక్షల మందికి పైగా సరిపడేలా 3,70,000 ఆశ్రయాలు కట్టుకుంది. అంటే జనాభాకు మించి! ఆశ్రయం కట్టని ఇంటి యజమాని బదులుగా రుసుము చెల్లించాలి. నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది అక్కడి గాలి యంత్రం. కరెంటు పోతే చేత్తో తిప్పే పిడి దానికి ఉంటుంది. లోపల చేరినవాళ్లు వంతులవారీగా తిప్పితే వడపోసిన గాలి అందుతుంది. పొరుగువాడి ఊపిరి నా చేతిలో, నా ఊపిరి వాడి చేతిలో.

ఈ స్విస్ పనితనం తడబడిన చోటూ ఉంది. లూసెర్న్ నగరంలో 1976లో పూర్తయిన సొన్నెన్‌బెర్గ్ రహదారి సొరంగాన్ని 20,000 మందికి ఆశ్రయంగా మలిచారు. జంట సొరంగాల నడుమ ఏడంతస్తుల గుహ, అందులో ఆసుపత్రి, ఒకటిన్నర మీటర్ల మందమున్న తలుపులు. ఒక్కో తలుపు బరువు 350 టన్నులు. 1987లో కసరత్తు చేసి చూస్తే నాలుగు తలుపుల్లో ఒకటి సరిగా మూతపడలేదు. తర్వాత, 2006లో, అక్కడి చోటును 2,000 మందికి కుదించారు. అంత ఖర్చుపెట్టి కట్టినదాన్ని తామే పరీక్షించుకుని, తేలిన లోపాన్ని దాచకపోవడమూ పనితనమే.

అటక మీద పడేసిన గొడుగు వాన రోజున తెరుచుకోదు. ఆ 350 టన్నుల తలుపుకూ అంతే, రోజూ పని ఉండదు. ఇటాకెస్కుస్‌లో అలా కాదు. ఈదేవాళ్లు వస్తూనే ఉంటారు కనుక దీపాలు వెలగాలి, గాలి ఆడాలి, కాలువలు పారాలి. స్విస్ ఇంటి నేలమాళిగలోనూ దుంపల బస్తాలు, వైన్ సీసాలు ఉంటాయి గనుక ఎవరో ఒకరు మెట్లు దిగి తడి పట్టిందేమో చూస్తారు.

దేశరక్షణ అనగానే మన కళ్లు క్షిపణుల వైపు వెళ్తాయి. ఈ రెండు ప్రభుత్వాలూ సైన్యాన్ని పోషిస్తూనే, పౌరుడు కూర్చునే కాస్త చోటును కూడా కొలిచి పెట్టాయి. ఆ కొలతలో నాకు గొప్ప ఆప్యాయత కనిపిస్తుంది.