మళ్లీ కలం పట్టాలంటే

శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు కోసం ఎవరూ అంగడికి పోరు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి, కుండకు మూతపెట్టి, రెండు మూడు వారాలు పులియబెడతారు. వడగట్టి తీసిన ఆ నీళ్లే కసిం. పెద్ద జబ్బు చేసి పని ఆపేసిన మనిషి మళ్లీ మొదలుపెట్టాలంటే ముందుగా చూసుకోవాల్సింది ఈ కుండనే. ఓపిక వచ్చాక వేద్దాంలే అనుకుంటే, ఓపిక వచ్చిన రోజున కలం ముంచడానికి చుక్క ఉండదు.

చేతిపని మనసుకు మందు అని జబ్బు పడి లేచినవాళ్లకు అందరూ చెబుతారు. ఏ పని, అందులో ఏ భాగం అని మాత్రం అడగరు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయి ఇంటికొచ్చిన ఒక కలంకారీ కళాకారిణిని ఊహించుకోండి. ఆమె చేతిలో కలం ఒక్కటే ఉండదు. గుడ్డ తయారీ, గీత, పటిక, ఉతుకుడు, ఉడుకు, రంగులు, మళ్లీ ఉతుకుడు. ఒక్కో దశ ఒంటిని ఒక్కో రకంగా అడుగుతుంది.

గాడా అనే ముతక నూలు గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేస్తారు. కరక్కాయ వగరు కసింలోని ఇనుముతో కలిస్తేనే నలుపు తేలుతుంది. పాలలోని కొవ్వు గీతను పక్కలకు పాకనివ్వదు. వినడానికి తేలికే గానీ, చీరంత గుడ్డ తడిస్తే ఎంత బరువో పిండినవాళ్లకే తెలుసు. చంకలోని గ్రంథులు తీసేసిన వైపు చెయ్యి వాచే ప్రమాదం ఉంటుంది. బరువులు నెమ్మదిగా పెంచుకోమని, ఆ చేతికి గాయాలు, కాలినగాయాలు కాకుండా చూసుకోమని డాక్టర్లు చెబుతారు. కాబట్టి ఈ పని కొన్నాళ్లు ఇంకొకరిది.

ఇక గీత. చింత బొగ్గుతో లేతగా బొమ్మ వేసుకుని, దానిమీద కసింతో గీస్తారు. వెదురు పుల్లను చెక్కి, మొన పైభాగంలో ఉన్నిగానీ గుడ్డగానీ ఉండలా చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. ఆ ఉండ కసింను పీల్చుకుంటుంది. వేళ్లతో ఎంత నొక్కితే అంత దిగుతుంది. ఎక్కువ నొక్కితే మచ్చ, తక్కువైతే గీత తెగుతుంది, పడిన నలుపు తుడిస్తే పోదు. కంటికన్నా ముందు వేలికొసలే ఈ కొలత పట్టుకుంటాయి. కీమోలో వాడే కొన్ని మందులు తిమ్మిరెక్కించేది సరిగ్గా ఆ వేలికొసల్నే. గది బాగుంది, వెలుతురు బాగుంది, చేతిలో విద్యా ఉంది. ఎంత నొక్కుతున్నానో మాత్రం తెలియదు. చాలామందికి ఈ తిమ్మిరి నెలల మీద తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది.

అందుకే మొదట లతలు, ఆకులు, అంచులు. తీగె కాస్త వణికినా తీగెలాగే ఉంటుంది. సీతమ్మ కనురెప్ప వణికితే మాత్రం ఆ గుడ్డ అమ్మకూడదని నా అభిప్రాయం, గీసింది ఎంత కష్టపడి లేచిన మనిషైనా సరే. జాలితో కొన్నవాళ్లు రెండోసారి రారు. కింద తెలుగులో కథ రాసి ఉండే ఆ పెద్ద రామాయణం తెరలు కొన్నాళ్లు ఆగుతాయి. జాకెట్టు ముక్కలు, దుపట్టాలు ఇల్లు నడుపుతాయి.

అసలు కష్టం ఎరుపుతో వస్తుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూసి ఆరనిస్తారు. తర్వాత పారే నీళ్లలో జాడించాలి. నిలవ నీళ్లలోనైతే విడిపోయిన పటిక ఇంకోచోట పట్టి అక్కడా ఎర్రమరక తేలుతుంది. ఊరి పక్కన పారే స్వర్ణముఖి నదిలో ఏడాది పొడవునా నీళ్లుండవన్నది వేరే బాధ. ఆ తర్వాత మంజిష్ఠ లాంటి వేళ్లతోనో, ఇప్పుడు ఎక్కువగా వాడే అలిజరిన్‌తోనో మరిగే కాగులో గుడ్డను కర్రతో తిప్పుతూ ఉడికించాలి. ఆవిరి, సెగ, బరువు అన్నీ ఒకేచోట. గుడ్డ తెల్లబడటానికి పేడ నీళ్లలో నానబెట్టడమూ ఉంది, పుండు మానని చేతికి అది అసలే పనికిరాదు. నీలం, పసుపు, ఆ రెండూ కలిస్తే వచ్చే ఆకుపచ్చ కూర్చుని పూసుకునేవే.

నిజానికి ఈ పనిని పంచుకోవడం కొత్తేమీ కాదు. 1950ల్లో హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ మొదలైనప్పుడు నేర్పింది జొన్నలగడ్డ లక్ష్మయ్య. ఆయన కుమారుడు గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. అంత పేరున్న పనిలోనూ ముఖాలు గురువు గీస్తే రంగులు శిష్యులు నింపడం మామూలే. ఉతికినవాళ్ల కూలి ధరలో కనపడకపోవడమే తప్పు. ఇంతకాలం మన కళాకారిణి తన రెక్కల కష్టాన్ని లెక్కలో వేసుకోలేదు. ఇప్పుడు అదే పనికి ఇంకొకరికి డబ్బిస్తోంది కాబట్టి ఒక్కో దుపట్టాకు అసలు ఖర్చెంతో మొదటిసారి కాగితం మీద పడుతుంది. స్క్రీన్ ప్రింట్ వేసి కలంకారీ పేరుతో అమ్మే గుడ్డ పక్కనే చవగ్గా దొరుకుతుంది. దానితో ధరలో పోటీ పడితే ఆ కూలి మళ్లీ మాయమవుతుంది.

గడువు సంగతీ ముందే తేల్చుకోవాలి. గీత పనిని సగంలో ఆపి రేపు అందుకోవచ్చు, కాగులో దిగిన గుడ్డ ఆగదు. అందుకని అడ్వాన్సు పుచ్చుకునే ముందు ఆమె ఆసుపత్రి చీటీ పక్కన పెట్టుకుని, చెకప్ తేదీలు, ఉతికే మనిషి వచ్చే రోజు సరిచూసుకుని, ఎరుపు ఉడికించే తేదీ రాసుకుంటుంది.