ఎండని చేప కోసం ఒక పుస్తకం

ఏడు చేపల కథ రాని తెలుగువాళ్ళు ఉండరు. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు. ఒకటి ఎండదు. ఎందుకని చేపని అడిగితే గడ్డిమోపు మీదకి తోస్తుంది, గడ్డిమోపు ఆవు మీదకి, ఆవు కాపరి మీదకి. అలా చీమ దాకా పోతుంది. పిల్లల కథే కదా అని వదిలేస్తాం గానీ, దాని నడక చూడండి. ఒక చేపకి ఏం జరిగిందో తెలియాలంటే చేపని ఒక్కదాన్నే అడిగితే చాలదు. చుట్టూ ఉన్న అందర్నీ వరసగా అడగాలి.

ఎండిపోయే నదుల్లో చేపల మీద పరిశోధన చేసేవాళ్ళు వేసేది కూడా ఇదే ప్రశ్న. వాగు ఎండింది, ఈ చేప ఎందుకు ఎండలేదు? ఎడారి నదులనగానే మనకు ఆస్ట్రేలియానో అరిజోనానో గుర్తొస్తుంది. కానీ సిద్దిపేట జిల్లా అక్కన్నపేట వైపు వాగులూ ఒర్రెలూ కూడా ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. అది ఎడారి కాదు, మెట్ట. అయినా అక్కడి చేపకి వచ్చే కష్టం ఎడారి చేపదే: నీళ్ళు మళ్ళీ వచ్చేదాకా ఎక్కడో ఒకచోట బతికుండాలి. మరి మన చేపల పుస్తకాలు ఆ చోటు గురించి ఏం చెప్తున్నాయి?

మొదట చూడాల్సింది పాట్రిక్ రస్సెల్ పుస్తకం. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న ఈ స్కాట్లండ్ వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనల్ని, బొమ్మల్ని 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. ఎక్కువగా సముద్రపు చేపలే. అయినా మనకి పనికొచ్చే సంగతి ఒకటుంది. చాలా చేపలకి ఆయన శీర్షికగా పెట్టింది అక్కడి జనం పిలిచే పేరునే. వాళ్ళు చెప్పింది తన చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. మన వాలుగ అందులో ‘వల్లగూ’ అయింది. తర్వాత 1851లో బ్లీకర్ అనే డచ్చి శాస్త్రవేత్త ఆ ప్రజాతికి ‘వల్లాగో’ అని పేరు పెట్టాడు. ఇవాళ ప్రపంచంలో ఎవరు ఆ చేప శాస్త్రీయ నామం పలికినా అరిగిపోయిన ఒక తెలుగు మాటనే పలుకుతున్నారు. ఆ మాట చెప్పిన జాలరి పేరు మాత్రం మనకి దొరకదు.

ఫ్రాన్సిస్ డే ‘ది ఫిషెస్ ఆఫ్ ఇండియా’ (1875–78) నాటికి తెలుగు పేరు శీర్షికలో లేదు, వర్ణన చివరికి జరిగింది. మిగతా భాషల పేర్లతో పాటు అదీ ఒక పొడి అక్షరాల గుర్తుతో ఉంటుంది. 1940ల్లో రహిముల్లా హైదరాబాద్ రాష్ట్ర చేపల సర్వేని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భాగాలుగా ప్రచురించారు. 1947 నాటి భాగం, మహమూద్‌తో కలిసి రాసింది, నిజామాబాద్ జిల్లా మీద. ఆ తర్వాత జిల్లాకొకటి, చెరువుకొకటి చొప్పున వచ్చిన పరిశోధన పత్రాల్లో ఎక్కువ భాగం ఒక పట్టికగా స్థిరపడిపోయాయి: కుటుంబం, శాస్త్రీయ నామం, స్థానిక నామం, అంతరించే ప్రమాదం ఎంత.

పట్టికని తక్కువ చేయడం లేదు. అది లేకపోతే ఏం పోయిందో కూడా చెప్పలేం. కానీ పట్టికలో నెల ఉండదు. చేప చెరువులో దొరికిందా, మత్తడి కింద దొరికిందా, వాగు ఎండాక మిగిలిన మడుగులో దొరికిందా అన్నది చాలాసార్లు ఉండదు. ఎండే వాగుకి అసలు సంగతి అదే. కొర్రమీను, మార్పు, ఇంగిలికం మొప్పలతో పాటు నేరుగా గాలి కూడా పీలుస్తాయి, తడి బురదలో కొన్నాళ్ళు నెట్టుకొస్తాయి. పరకకి ఆ సౌకర్యం లేదు. దానికి మడుగు కావాలి, లేదా తొలి వరదకి కింది చెరువులోంచి ఎదురెక్కి రావాలి. పట్టికలో మాత్రం నాలుగూ నాలుగు వరసలు, అంతే. ‘ఎదురెక్కడం’ అన్న ఒక్క మాటలో ఉన్న శాస్త్రం ‘స్థానిక నామం’ గడిలో పట్టదు, ఎందుకంటే అది పేరు కాదు, క్రియ.

ఇక చేపల పెంపకం పాఠాలు చదవండి. విత్తనం వదిలే ముందు చెరువులోంచి తీసేయాల్సిన చిన్న చేపలకి అక్కడ ‘కలుపు చేపలు’ అని పేరు. పరక అందులో చేరుతుంది. కొర్రమీను, వాలుగ ‘పరభక్షక చేపలు’. వాటిని చంపడానికి ఇప్పచెక్క వాడమంటారు. 2016లో తెలంగాణ తన రాష్ట్ర చేపగా ప్రకటించింది కొర్రమీనునే. అదే ఏడాది మొదలైన ఉచిత చేపపిల్లల పంపిణీలో చెరువులకి చేరినవి బొచ్చె, రవ్వ, మ్రిగాల, బంగారుతీగ. మత్స్య సహకార సంఘాలకి ఆ చేపలు ఆదాయం, దాన్ని కాదనలేం. కానీ సాహిత్య విమర్శకి ‘కలుపు’ అన్న మాట దగ్గర ఆగే హక్కుంది. వాగులో వేల ఏళ్ళు కరువుని తట్టుకున్న జీవిని కలుపు అన్నాక, అది కనిపించకుండా పోయినా ఎవరూ లెక్క రాసుకోరు.

ఇలాంటి సంగతిని పట్టిక దాటి రాయొచ్చు అనడానికి ఒక ఉదాహరణ ఫిల్ పిస్టర్ 1993లో ప్రచురించిన ‘స్పీసీస్ ఇన్ ఎ బకెట్’. కాలిఫోర్నియా ఎడారి అంచున ఓవెన్స్ పప్‌ఫిష్ అనే చిన్న చేప ఒక్క మడుగులో మిగిలింది. 1969 ఆగస్టులో అదీ ఎండిపోతుంటే, మత్స్య శాఖ ఉద్యోగి పిస్టర్ దాదాపు 800 చేపల్ని రెండు బకెట్లలో మోసుకెళ్ళాడు. వ్యాసమంతా ఆ కాసేపటి నడకే: నీళ్ళలో ఆక్సిజన్ సరిపోతుందా, కాలు జారితే ఎలా. భయాన్ని దాచుకోలేదు, పెద్ద మాటలూ వాడలేదు. ఒక జాతి బరువు రెండు బకెట్లని చదివేవాడి చేతికి తెలుస్తుంది. అయితే అందులో ఒక్కడే నాయకుడు. మన ఏడు చేపల కథలో నాయకుడు లేడు, అడగాల్సిన వరస ఉంది. అక్కన్నపేటకి ఆ రెండో పద్ధతే సరిపోతుంది.

అక్కడ వరస చాలా పొడుగు. ఈ మండలంలోనే గౌరవెల్లి రిజర్వాయర్ ఉంది. మొదట 1.41 టీఎంసీలుగా అనుకున్నది రీడిజైన్‌లో 8.23 టీఎంసీలు అయింది. ముంపులో గుడాటిపల్లి పోయింది. నీళ్ళు కావాలని ఈ మెట్ట రైతు తరాలుగా కోరుకున్నాడు, అది న్యాయం. కానీ ఎండటానికి అలవాటుపడ్డ చేపకి ఎప్పుడూ ఉండే లోతు నీళ్ళు మేలా, కీడా? పెంపకం చేపతో, 1952లో దేశంలోకి వచ్చిన జిలేబితో అది పోటీ పడగలదా? ఊరు లేచిపోయినప్పుడు, ఏ ఒర్రెలో ఏ మడుగు మే నెల దాకా ఆగేదో తెలిసిన మనిషి ఎక్కడికి వెళ్ళాడు? ఇందులో మొదటి రెండు ప్రశ్నలకి వల, కొలబద్ద, కొన్నేళ్ళ ఓపిక కావాలి. మూడోదానికి ముదిరాజ్, గంగపుత్ర పెద్దల దగ్గర కూర్చుని వినేవాళ్ళు కావాలి. రెండు పనులూ ఒకే పుస్తకంలో జరగాలి.

తెలంగాణ కథ వలసని రాసింది, కరువుని రాసింది, ఎండిన చెరువుని గొప్పగా రాసింది. చేప మాత్రం మనకి మృగశిర కార్తె నాటి కూరగానో, ఒడ్డున గిలగిల్లాడే ఉపమానంగానో మిగిలింది. ఎండిన చెరువు మన సాహిత్యంలో ఎప్పుడూ చావుకి గుర్తే. ఆ చెరువు అడుగున బురదలో గాలి పీలుస్తూ వానకోసం ఆగిన కొర్రమీను దగ్గరికి ఏ వాక్యమూ దిగలేదు.

కాబట్టి రావలసిన పుస్తకం పట్టికా కాదు, స్మృతిగీతమూ కాదు. ప్రతి చేపకీ ఊరివాళ్ళు పిలిచే పేరు ముందుండాలి, రస్సెల్ పెట్టినట్టు. చెప్పినవాళ్ళ పేరు, వాళ్ళు ఒప్పుకుంటే, పక్కనే ఉండాలి, రస్సెల్ పెట్టనట్టు. నెల ఉండాలి, నీటి లోతు ఉండాలి. ఏ మత్తడి ఎక్కి వచ్చిందో ఉండాలి. గౌరవెల్లి నీళ్ళకి ముందు పెద్దలకి ఏమేం గుర్తున్నాయి, తర్వాత వలలో ఏమేం పడుతున్నాయి అన్నది పక్కపక్కన ఉండాలి. ఆ పెద్దలు ఉండగానే ఈ పని మొదలవ్వాలి.