ఎడమకాలి పాఠం

కుడికాలి వాటమున్న కుర్రాడికి ఒక షరతు పెట్టి చూడండి: ఇవాళ ఆటంతా ఎడమకాలితోనే ఆడాలి. మొదటి పది నిమిషాలూ వాడి అవస్థ చెప్పనలవి కాదు. బంతిని తన్నబోయి మట్టిని తన్నుతాడు. జతగాడికి ఇద్దామనుకున్న పాస్ గీత దాటి పోతుంది. అలవాటు కొద్దీ కుడికాలు ముందుకొస్తుంది, గుర్తొచ్చి వెనక్కి లాక్కుంటాడు. గట్టు మీద కూర్చున్నవాళ్లు పకపకా నవ్వుతారు. సగం ఆట గడిచేసరికి మాత్రం ఏదో మారుతుంది. ఒంటి బరువు కుడికాలి మీద మోపి, మోకాలు కాస్త వంచి, చీలమండ బిగించి, ఎడమ పాదం లోపలి అంచుతో బంతిని నెడతాడు. అది నేలను రాసుకుంటూ వెళ్లి, జతగాడి కాలి ముందు ఆగుతుంది. ఆ ఒక్క పాస్‌తో వాడి మైదానం రెండింతలవుతుంది. అప్పటిదాకా తనకు సగం దిక్కే ఉండేది. ఇప్పుడు ఎటైనా తిరగగలడు.

ఇలా చేతకాని కాలి కోసం ఏకంగా టోర్నమెంట్లు పెట్టిన మనిషి హైదరాబాద్‌లో ఉండేవారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు, వృత్తి బడిపంతులు. ఆటగాళ్లకు ఆయన 'రహీం సాబ్'. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్‌గా, ఆపైన భారత జట్టు కోచ్‌గా పనిచేశారు. ఆయన గెలిచిన పతకాల గురించి మనం అప్పుడప్పుడూ చెప్పుకుంటూనే ఉంటాం. 2024లో ఆయన మీద 'మైదాన్' అనే హిందీ సినిమా కూడా వచ్చింది. ఆ పతకాల వెనకున్న చదువు గురించి చెప్పుకునేది మాత్రం తక్కువ. నాకు ఆ చదువే ముఖ్యమనిపిస్తుంది.

ఈ నేలకు ఫుట్‌బాల్ దండుతో పాటు వచ్చింది. సికింద్రాబాద్, బొల్లారం, తిరుమలగిరి కంటోన్మెంట్లలో సిపాయిలు ఆడుతుంటే చుట్టుపక్కల గూడేల పిల్లలు కంచె ఇవతల నిలబడి చూశారు, చూసి నేర్చుకున్నారు. నిజాం కొలువులోని అరబ్బు సైనికుల సంతతి స్థిరపడిన బార్కాస్‌లోనూ ఈ ఆట వేళ్లూనుకుంది. బ్యారక్స్ అన్న మాటే నలిగి నలిగి బార్కాస్ అయింది. బూట్లు కొనే స్తోమత ఎవరికుంది? ఉత్తికాళ్లతోనే ఆడారు. ఉత్తికాలికి బంతి దగ్గరితనం తెలుస్తుంది. ఎంత ఒత్తితే ఎంత దూరం పోతుందో బొటనవేలే చెబుతుంది. మెత్తగా బంతిని ఆపడం, చిన్న చిన్న పాస్‌లు ఇచ్చుకోవడం ఈ మట్టికి ముందునుంచే ఉన్న గుణం. రహీం ఆ గుణాన్ని పట్టుకుని పద్ధతిగా మలిచారు.

ఆ పద్ధతిలో ఉపన్యాసాల పాలు తక్కువ, షరతుల పాలు ఎక్కువ. ఆటగాణ్ని పిలిచి 'నీ ఎడమకాలు బాగాలేదు, సాధన చెయ్' అంటే తలూపి వెళ్లిపోతాడు. ఎడమకాలు లేనిదే గెలవలేని పోటీలోకి దింపితే తనంతట తనే నేర్చుకుంటాడు. బలహీనమైన కాలి టోర్నమెంటు ఆయన పెట్టిన షరతుల్లో మొదటిది.

రెండోది డ్రిబ్లింగ్ లేని టోర్నమెంటు. బంతిని కాళ్లకు అంటిపెట్టుకుని ఒకణ్ని తప్పించి, ఇంకొకణ్ని తప్పించి దూసుకుపోవడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పేటల్లో చప్పట్లన్నీ దానికే. రహీం ఆ ముచ్చటనే నిషేధించారు. అప్పుడేమవుతుంది? బంతి వచ్చాక ఆలోచిస్తామంటే కుదరదు. అది గాల్లోనో నేల మీదో ఇంకా దారిలో ఉండగానే తల తిప్పి చూసుకోవాలి: ఎడమ పక్కన ఎవరున్నారు, వెనక ఎవడు తరుముకొస్తున్నాడు, ఖాళీ ఎక్కడుంది. అంతకంటే పెద్ద మార్పు బంతి లేని పదిమందిలో వస్తుంది. బంతి ఉన్నవాడు పరుగెత్తి తప్పించుకోలేడు కాబట్టి, మిగతావాళ్లే పరుగెత్తి వాడికి దారి చూపాలి. ఒకడి నేర్పు పదిమంది బాధ్యతగా మారిపోతుంది.

మూడోది పొట్టివాళ్ల టోర్నమెంటు. ఎత్తుకు హద్దు పెట్టి, అంతకు మించినవాళ్లను పక్కన కూర్చోబెట్టేవారు. ఎత్తూ బరువూ ఉన్నవాడు లేని మైదానంలో గాల్లోకి లేపే బంతికి విలువ పోతుంది, ఆట నేలకు దిగుతుంది. మామూలు ఎంపికల్లో ఎవరి కంటా పడని బక్కపల్చని కుర్రాడి చురుకుదనం అక్కడ నలుగురి కంటా పడుతుంది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆయన ఆలోచన అర్థమవుతుంది. మూడూ ఆటగాడికి బాగా వచ్చినదాన్ని కాసేపు దాచేస్తాయి: ఒకటి బలమైన కాలిని, ఒకటి సొంత నేర్పును, ఒకటి ఒడ్డూపొడుగునూ. దాచినచోట కొత్తది మొలుస్తుంది.

మొలిచింది కూడా. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1950లో కలకత్తా మహాజట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చింది. 1954, 1957లలో మళ్లీ తెచ్చింది. జాతీయ పోటీ సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956లోనూ 1957లోనూ వరసగా గెలుచుకుంది. పోలీసు కొలువు చేసుకుంటూ ఆడినవాళ్లు, పూట గడవడానికి వేరే పని ఉన్నవాళ్లు, దేశంలోకెల్లా పెద్ద క్లబ్బుల్ని నిలువరించారు.

ఓటమి నుంచి కూడా ఆయన పాఠం తీసుకున్నారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో రహీం శిక్షణలోని భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది ఇంకా ఉత్తికాళ్లతోనే ఆడారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఐరోపా జట్లు ఆటగాళ్లను ఎలా నిలబెడుతున్నాయో రహీం శ్రద్ధగా గమనించారు. నలుగురు వెనక, ఇద్దరు నడుమ, నలుగురు ముందు ఉండే అమరికను 1958 ప్రపంచ కప్ గెలిచిన బ్రెజిల్ లోకమంతటికీ తెలిసేలా చేసింది. ఆయన అంతకుముందే దాన్ని మనవాళ్లకు అలవాటు చేశారు. ఆ అమరికలో భారమంతా నడుమనున్న ఇద్దరిదే. రెండు కాళ్లూ ఆడేవాడు, ఒక్క తాకిడితో బంతి వదిలేవాడు లేకపోతే అది కూలిపోతుంది. పేటల టోర్నమెంట్లు సరిగ్గా అలాంటివాళ్లనే తయారుచేసి పెట్టాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరాం హైదరాబాద్ గడ్డ మీద ఆట నేర్చినవాళ్లే.

తులసీదాస్ బలరాంది సికింద్రాబాద్ పక్కనున్న అమ్ముగూడ. ఇప్పుడది నగరంలో కలిసిపోయింది, అప్పట్లో కంటోన్మెంటు పొలిమేరలో ఓ పల్లె. పేద కుటుంబం. కుర్రాడి ఆట రహీం కంటపడింది. రమ్మంటే రావడానికి దారిఖర్చులకే కటకట. ఆ ఇబ్బంది తీర్చి, సైకిల్ మీద వచ్చి వెళ్లేలా చూసింది కూడా రహీమే. అలా వచ్చినవాడు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ చేశాడు. ముందువరసలో ఎక్కడ నిలబెట్టినా అక్కడ ఇమిడిపోయేవాడు. రెండు దిక్కులూ తనవే అనుకునే ఆటగాడికే అది సాధ్యం.

ఈ చదువుకు పెద్ద పరీక్ష 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. థాయ్‌లాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం ఆయన్ను పక్కన పెట్టేయలేదు. సెమీఫైనల్‌కు, ఫైనల్‌కు వెనకవరస నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. బలమైన చోటు మూసేస్తే మనిషి ఇంకోచోట పలుకుతాడన్న పేటల టోర్నమెంటు సూత్రాన్నే ఆసియా వేదిక మీద ప్రయోగించారు. జర్నైల్ రెండు ఆటల్లోనూ గోల్ కొట్టారు. సెప్టెంబర్ 4న లక్షమంది దాకా చేరి మనకు ఎదురుగా అరుస్తున్న స్టేడియంలో, పి.కె. బెనర్జీ గోలూ జర్నైల్ గోలూ కలిసి, అదే కొరియాను 2-1తో ఓడించాయి. అప్పటికే రహీంను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

ఆయన తర్వాతా ఈ గడ్డ ఆటగాళ్లను ఇస్తూనే ఉంది. నయీముద్దీన్ సారథ్యంలో 1970లో ఆసియా క్రీడల కాంస్యం వచ్చింది. పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద 1977లో మోహన్ బగాన్ తరఫున హబీబ్ గోల్ కొట్టాడు. అయితే వీళ్లందరి పేర్లూ వెలిగింది కలకత్తాలో. ఆటగాడు ఎదిగితే రైలెక్కడమే. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ సైతం 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అప్పటినుంచీ మనం స్టేడియాల గురించీ స్పాన్సర్ల గురించీ మాట్లాడుకుంటున్నాం. అవీ కావాల్సినవే. కానీ రహీం దగ్గరున్నది అవి కావు. ఆయన దగ్గరున్నవి ఒక బంతి, ఒక మైదానం, ప్రతి ఆటకూ ఒక కొత్త షరతు.

అందుకే నా విన్నపం పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లకు కాదు, బడుల్లో పీఈటీ మాస్టార్లకు. రహీం మీ వృత్తిలోంచే వచ్చినవారు. వచ్చే శనివారం సాయంత్రం పిల్లల్ని రెండు జట్లు చేసి ఎడమకాలి ఆట ఆడించండి. ఎడమకాలి వాటం పిల్లలుంటే వాళ్లకు కుడికాలి షరతు. మొదటి పది నిమిషాలూ గట్టు మీదున్నవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆట మాత్రం ఆపకండి. పదకొండో నిమిషంలో ఏ కుర్రాడో బరువంతా కుడికాలి మీద మోపి, ఎడమ పాదం లోపలి అంచును బంతికి ఆనిస్తాడు.