సులువుగా ఊడేదే మార్చాలా?

పాత సీడీ ప్లేయర్‌నైనా కొత్త డాక్‌నైనా మెరుగుపరుద్దామని మూత విప్పినవాళ్ల చూపు ముందుగా పడేది ఎనిమిది కాళ్ల ఆప్-ఆంప్ మీద. అంకెలు సంగీతంగా మారాక ఆ సంకేతాన్ని యాంప్లిఫయర్‌కు అందించే అనలాగ్ అవుట్‌పుట్ విభాగంలో పేరున్న భాగం అదే. ఇప్పటి డాక్‌లు చాలావాటిలో దాన్ని సాకెట్‌లో పెట్టే అమ్ముతున్నారు. సోల్డరింగ్ ఐరన్‌తో పనే లేదు, పాతది పీకి కొత్తది గుచ్చితే ‘మాడ్’ అయిపోయినట్టే. ఇందులో నాకు పేచీ ఉంది. సులువుగా మార్చగలిగే ఆ చోటే మార్పు అవసరం అతి తక్కువగా ఉన్న చోటు. అసలు పని దానికి ముందూ, దాని చుట్టూ ఉంది.

ముందు లెక్క చూద్దాం. చాలా సీడీ ప్లేయర్లలో కనిపించే ఎన్ఈ 5532 అనే ఆప్-ఆంప్ 1970ల చివర్లో వచ్చింది, ఇప్పటికీ చవకే. ప్లేయర్ అవుట్‌పుట్ సాధారణంగా 2 వోల్టులు. ఆ స్థాయిలో 20 కిలోహెర్ట్జ్ స్వరాన్ని, అంటే చెవికి అందే పై హద్దును మోయాలంటే వోల్టేజీ మైక్రోసెకనుకు 0.36 వోల్టు చొప్పున కదిలితే చాలు. 5532 ఏకంగా 9 వోల్టులు కదలగలదు, అవసరానికి 25 రెట్లు. రొద సంగతీ అంతే. 16 బిట్ల రికార్డింగ్‌లో దానంతట అదే ఉండే రొద 2 వోల్టుల స్థాయికి సుమారు 98 డెసిబెళ్లు కింద, అంటే 25 మైక్రోవోల్టుల దగ్గర ఉంటుంది. బఫర్‌గా వాడిన 5532 దానికి కలిపేది ఒక మైక్రోవోల్టు కూడా కాదు. ఇక్కడ ఇంతకు పదింతల వేగం, పదింతల ధర ఉన్న చిప్ పెట్టడం గోటితో పోయేదానికి గొడ్డలి తేవడమే.

అయితే అదే చిప్‌ను ఒక్క మెట్టు ముందుకు జరిపితే కథ మారిపోతుంది. పాత ప్లేయర్లను ఇష్టపడేవాళ్లు కళ్లకద్దుకునే ఫిలిప్స్ టీడీఏ 1541ఏ డాక్ చిప్‌నే తీసుకోండి. అది బయటికిచ్చేది వోల్టేజీ కాదు, గరిష్ఠంగా 4 మిల్లీఆంపియర్ల కరెంటు. పైగా దానికో షరతు ఉంది: కరెంటు వెలువడే కాలి దగ్గర వోల్టేజీ అటూ ఇటూ 25 మిల్లీవోల్టులు దాటకూడదు. ఆ కాలిని సున్నా దగ్గర కదలకుండా పట్టుకుని, 1.5 కిలోఓమ్‌ల రెసిస్టర్ ద్వారా కరెంటును 2 వోల్టులకు కాస్త పైన వోల్టేజీగా మార్చే పని మొదటి ఆప్-ఆంప్‌ది. నాలుగు రెట్ల ఓవర్‌శాంప్లింగ్ ఉన్న ప్లేయర్‌లో సెకనుకు 1,76,400 మెట్లు వస్తాయి, ప్రతి మెట్టు అంచూ నిటారుగా ఉంటుంది. ఆ అంచు వచ్చిన క్షణంలో ఆప్-ఆంప్ పట్టు సడలితే కాలి దగ్గర వోల్టేజీ చెదురుతుంది. వేగానికి విలువ ఇక్కడ ఉంది. రెసిస్టర్‌కు అడ్డంగా ఉండే చిన్న కెపాసిటర్, చిప్ కాళ్లకు ఆనుకుని ఉండాల్సిన 100 నానోఫారడ్ల డీకప్లింగ్, గ్రౌండ్ దారి, ఇవన్నీ చిప్ పేరు కంటే ఎక్కువ నిర్ణయించేది కూడా ఇక్కడే. ఆప్-ఆంపే వద్దు, ఒట్టి రెసిస్టర్ చాలనేవాళ్లున్నారు. ఆ 25 మిల్లీవోల్టుల షరతు పాటిస్తే చిక్కేది అతి చిన్న సంకేతం. దాన్ని మళ్లీ వంద రెట్లకు పైగా పెంచాలి, దాంతోపాటు రొదా పెరుగుతుంది.

చివరి మెట్టులో ఉండే కప్లింగ్ కెపాసిటర్‌దీ ఇదే తంతు. ఎలక్ట్రోలిటిక్ తీసేసి ఖరీదైన ఫిల్మ్ కెపాసిటర్ పెట్టమంటారు. కానీ ఫిల్మ్ రకంలో పెద్ద విలువలు బోర్డు మీద పట్టవు, కాబట్టి 22 మైక్రోఫారడ్లున్న చోట 2.2తో సరిపెడతారు. అవతలి యాంప్లిఫయర్ ఇన్‌పుట్ 10 కిలోఓమ్‌లైతే 20 హెర్ట్జ్ దగ్గర అర డెసిబెల్ పోతుంది, బేస్ అంతమేర పలచబడుతుంది. ఎలక్ట్రోలిటిక్ వక్రీకరించేది తన రెండు చివరల మధ్య సంకేతపు వోల్టేజీ నిలిచినప్పుడు. 2.2 పెడితే అదే 20 హెర్ట్జ్ దగ్గర సంకేతంలో మూడో వంతు దాని మీదే నిలుస్తుంది, 22 పెడితే నూటికి నాలుగు వంతులు కూడా నిలవదు. అంటే ఎలక్ట్రోలిటిక్‌తో ఉన్న ఇబ్బందికి ముందు చూడాల్సిన మందు విలువ, ఆ తర్వాతే జాతి.

‘లెక్కలెందుకు, చిప్ మార్చగానే తేడా వినిపించింది కదా’ అనే అభ్యంతరం ఉండనే ఉంది. విన్నది అబద్ధమని నేననను, దేన్ని విన్నారన్నదే ప్రశ్న. మాడ్‌లో భాగంగా 1.5 కిలోఓమ్‌ల చోట 1.6 పడితే శబ్దం అర డెసిబెల్‌కు పైగా పెరుగుతుంది. అంత చిన్న పెరుగుదల చెవికి ‘గట్టిగా’ అనిపించదు, ‘స్పష్టంగా’ అనిపిస్తుంది. రెసిస్టర్ ముట్టుకోకపోయినా, 5532 కోసం వేసిన బోర్డులో అంతకు అయిదు రెట్ల బ్యాండ్‌విడ్త్ ఉన్న ఎల్‌ఎం 4562 గుచ్చితే, డీకప్లింగ్ దూరంగా ఉన్నప్పుడు అది చెవికందని పౌనఃపున్యంలో ఊగిపోవచ్చు. అప్పుడు వినిపించేది నిజమైన తేడానే, కాకపోతే అది రోగం. ఆసిలోస్కోప్ పెడితే తప్ప బయటపడదు.

కొలతల్లో అన్నీ రావన్న మాటనూ ఒప్పుకుంటాను, ఒకే స్వరంతో తీసిన వక్రీకరణ అంకె సంగీతమంతటికీ సాక్ష్యం కాదు. అలాగైతే చెవికే న్యాయమైన పరీక్ష పెట్టాలి. రెండు స్థాయిలనూ 0.1 డెసిబెల్ లోపు సరిచేసి, ఏది ఏదో తెలియకుండా 16 సార్లు వినిపిస్తే, ఒట్టి ఊహతో 12 సరిగ్గా చెప్పే అవకాశం నూటికి నాలుగు కూడా ఉండదు. చెవినే నమ్మేవాళ్లకు ఈ పరీక్ష అవమానం కాకూడదు, ఆసరా కావాలి.

ఫ్యాక్టరీ డిజైన్ వేదవాక్కేమీ కాదు. ఖర్చు తగ్గించడానికి చిన్న కెపాసిటర్లు వేస్తారు, పవర్ సప్లయిలో పొదుపు చేస్తారు. పాతికేళ్ల ప్లేయర్‌లో ఎలక్ట్రోలిటిక్‌లు ఎండిపోయి ఉండొచ్చు, వాటిని మార్చడం మాడ్ కాదు, మరమ్మతు. నేనడిగేది ఒక్కటే. ఏ భాగాన్ని ఊడదీసేముందైనా, దాని వల్ల ఏ చోట ఏ వోల్టేజీ, ఏ రొద, ఏ పౌనఃపున్యం ఎంత మారుతుందో కాగితం మీద రాయగలగాలి. రాయలేకపోతే ఆ డబ్బుతో ముందు ఒక పాత ఆసిలోస్కోప్ కొనుక్కోవడం మేలు, తర్వాత ఏ చిప్ కొనాలో అదే చెబుతుంది.