జీరో టికెట్, సామర్థ్య పటం

ఏ పని ఎవరు చేస్తున్నారు, ఎలా చేస్తున్నారు అన్న సంగతిని కాసేపు పక్కనపెట్టి, ఒక సంస్థ అసలు ఏమేమి చేయగలగాలో మాత్రమే గడులు గడులుగా ఒక్క కాగితం మీద చూపే పద్ధతిని నిర్వహణ శాస్త్రంలో బిజినెస్ కేపబిలిటీ మ్యాపింగ్ అంటారు. తెలుగులో సామర్థ్య పటం అనుకోవచ్చు. ఇక్కడ సామర్థ్యమంటే ఒక ఉద్యోగి నేర్పు కాదు, మనుషులు, పని పద్ధతి, సమాచారం, యంత్రాలు కలిసి సంస్థకు సమకూర్చే శక్తి. మైకేల్ పోర్టర్ 1985లో వివరించిన విలువ గొలుసు, సి.కె. ప్రహ్లాద్, గ్యారీ హామెల్ 1990లో రాసిన కీలక సామర్థ్యాల వ్యాసం ఈ ఆలోచనకు దగ్గరి చుట్టాలు.

పటంలోని గడి ఎంత స్థిరమైనదో తెలియాలంటే ఆర్టీసీ బస్సెక్కితే చాలు. నిజాం కాలంలో, 1932లో 27 బస్సులతో మొదలైన ఈ వ్యవస్థలో ఒకప్పుడు కండక్టరు ట్రేలోంచి టికెట్టు చించి ఇచ్చి, స్టేజీ స్టేజీకి ఎస్ఆర్ అనే లెక్కల కాగితంలో టికెట్ల నంబర్లు రాసుకునేవాడు. తరువాత ఆ పని చేతిలోని టిమ్ అనే టికెట్టు జారీ యంత్రానికి, కొంతవరకు ఆన్‌లైన్ రిజర్వేషన్‌కు మారింది. పద్ధతి ఎన్నిసార్లు మారినా ‘ఛార్జీ వసూలు’ అనే గడి మాత్రం కదలలేదు.

దానిని కదిలించింది 2023 డిసెంబరు 9న తెలంగాణలో మొదలైన మహాలక్ష్మి పథకం. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేకపోయినా జీరో టికెట్ కొట్టక తప్పలేదు, ఎందుకంటే ప్రభుత్వం సంస్థకు చెల్లించవలసిన సొమ్ముకు ఆ టికెట్లే ఆధారం. అంతవరకు ఒకే మనిషి, ఒకే యంత్రంతో, ఒకే క్షణంలో చేయడం వల్ల ఒకే పనిగా తోచినది నిజానికి వసూలు, లెక్కింపు అనే రెండు సామర్థ్యాలని అప్పుడు తేలింది. కార్డు చూసి అర్హత నిర్ధారించడం మూడవదిగా వచ్చి చేరింది. కాలు పెట్టడానికి చోటులేని బస్సులో, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, మరో చేత్తో అందిన ఆధార్ కార్డు మీది చిరునామా చూసి మీట నొక్కే కండక్టరు మీద ఇప్పుడు సంస్థ ఆదాయంలో పెద్ద భాగం ఆధారపడి ఉంది. ఆర్టీసీ ఇటువంటి పటం గీసుకుందని ఇక్కడి ఉద్దేశం కాదు; గీసి ఉంటే, పథకానికి ముందు ఎవరూ పట్టించుకోని ‘ప్రయాణికుల లెక్కింపు’ గడికి బలాబలాలు చూపే ఏ రంగు పడేదన్నదే ప్రశ్న.

రంగుల దగ్గరే ఈ పద్ధతి సాధారణంగా చెడిపోతుంది. బలంగా ఉన్న గడికి ఆకుపచ్చ, బలహీనమైనదానికి ఎరుపు వేసి, పెట్టుబడి ఎటు మళ్లించాలో తేల్చుకోవడం దీని వ్యూహాత్మక ప్రయోజనం. కానీ విభాగాల పట్టికనే తిరగరాసి పటమని పేరు పెట్టినచోట ప్రతి గడికీ ఒక అధిపతి ఉంటాడు, ఏ అధిపతీ తన గడికి ఎరుపు వేసుకోడు (వార్షిక నివేదికలు చదివే అలవాటున్నవారికి ఇది కొత్త సంగతి కాదు). అందుచేత రంగులు దిద్దే సమావేశానికి కండక్టరును పిలవని పటాన్ని, ఎంత ఖరీదైన సలహాదారు గీసినా, బోర్డు గది గోడకు తగిలించకపోవడమే మేలు.